బార్బరా పిలిచిన మీటింగు

అమ్మడూ, కన్నా,

మొన్న ఫోన్లో ఇద్దరూ ఒకే మాట అన్నారు. అమెరికా గవర్నమెంటు క్లాసంటే మూడు గళ్ళ పట్టిక బట్టీ పట్టడమేనట. కాంగ్రెస్ చట్టం చేస్తుంది, ప్రెసిడెంట్ అమలు చేస్తాడు, కోర్టు తీర్పు చెబుతుంది. ఇరవై రెండేళ్ళు వర్జీనియాలో అదే సబ్జెక్టు చెప్పినదాన్ని కదా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు మీది కాదు. మొదటి రెండేళ్ళు నేనూ పట్టికతోనే మొదలుపెట్టాను. ఆ తర్వాత మాత్రం ప్రతి ఏడూ ఫార్మ్‌విల్ ఊరితోనే మొదలుపెట్టేదాన్ని.

రిచ్‌మండ్‌కి పడమరగా, ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఉందా ఊరు. అక్కడి మోటన్ హైస్కూలు నల్లవాళ్ళ పిల్లల బడి. 180 మందికని కట్టిన దాంట్లో 1951 నాటికి 450 మంది దాకా చదివేవాళ్ళు. పట్టనివాళ్ళ కోసం బయట చెక్క షెడ్లు వేసి, తారు కాగితం చుట్టారు. వాన పడితే క్లాసులోనే గొడుగులు విప్పుకోవాలి. చలికాలం పొయ్యి పక్కన కూర్చున్నవాళ్ళు ఉడికిపోయేవాళ్ళు, దూరంగా ఉన్నవాళ్ళు కోటు విప్పేవాళ్ళు కాదు. అదే ఊళ్ళో తెల్లవాళ్ళ పిల్లల బడికి జిమ్మూ, భోజనశాలా ఉన్నాయి.

బార్బరా జాన్స్‌కి అప్పుడు పదహారేళ్ళు. ఏప్రిల్ 23న, బస్టాండు దగ్గర మన పిల్లలు ఇబ్బందిలో ఉన్నారని ఫోను చేయించి ప్రిన్సిపాల్‌ని బయటికి పంపించారు. మీటింగుందని ఆయన రాసినట్టే చీటీలు రాసి క్లాసులకు తిప్పారు. అందరూ హాల్లోకి వచ్చి చూస్తే స్టేజీ మీద ప్రిన్సిపాల్ లేడు, బార్బరా ఉంది. టీచర్లను బయటికి వెళ్ళమని కోరి, ఆ పిల్ల సమ్మె సంగతి చెప్పింది. బడి మొత్తం బయటికి నడిచింది.

ఆ పిల్లలు మొదట అడిగింది మంచి బిల్డింగు మాత్రమే. లాయర్లు ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ వచ్చి, బిల్డింగు కోసమైతే కేసు వెయ్యం, వేరు బడుల పద్ధతినే సవాలు చేస్తామంటే వేస్తాం అన్నారు. పిల్లలూ పెద్దలూ సరేనన్నారు. 117 మంది పిల్లల పేర్లతో కేసు పడింది. వరసలో ముందున్న డొరొతీ డేవిస్ పేరే దానికి వచ్చింది. కింది కోర్టులో ఓడిపోయారు. తర్వాత మరో మూడు రాష్ట్రాల నుంచి వచ్చిన కేసులతో కలిసి, కాన్సస్ కేసు పేరు మీద, 1954 మే 17న సుప్రీంకోర్టులో గెలిచారు. వేరు బడులు చెల్లవని చెప్పిన, మీ పుస్తకంలో ఉన్న బ్రౌన్ తీర్పు అదే.

ఇక్కడ ఆగి ఒకటి చూడండి. చట్టాల రక్షణ అందరికీ సమానంగా అందాలని రాజ్యాంగానికి చేసిన 14వ సవరణ 1868 నాటిది. 1896లో అదే సుప్రీంకోర్టు, ఏర్పాట్లు సమానంగా ఉంటే నల్లవాళ్ళనీ తెల్లవాళ్ళనీ వేరుగా పెట్టినా ఫరవాలేదంది. 1954లో చెల్లదంది. ఈ మధ్యలో సవరణలో అక్షరం మారలేదు. కోర్టు తనంతట తాను కేసు వెతుక్కుంటూ వెళ్ళదు. ఎవరో ఒకరు నష్టపోయి, తెగించి, గుమ్మం ఎక్కాలి. అందుకే హిస్టరీ వేరు, గవర్నమెంటు వేరు అని చెబితే నాకు మనసొప్పదు.

గెలిచాక ఏమైందో కూడా తెలుసుకోవాలి. కోర్టు చేతిలో కత్తీ లేదు, ఖజానా లేదు అని, రాజ్యాంగం రాసిన కాలపు నాయకుడు హామిల్టన్ 1788లోనే రాశాడు. ఖజానా కౌంటీ బోర్డు చేతిలో ఉంది. పిల్లల్ని కలిపి కూర్చోబెట్టక తప్పదని తేలేసరికి, 1959లో ఆ బోర్డు సర్కారు బడులకు డబ్బివ్వడమే మానేసింది. బడులన్నీ మూతపడ్డాయి. తెల్లవాళ్ళ పిల్లలకు ప్రైవేటు బడి పెట్టుకున్నారు. 1964లో సుప్రీంకోర్టు మళ్ళీ కలగజేసుకునేదాకా సర్కారు బడులు తెరుచుకోలేదు. ఒకటో తరగతిలో చేరాల్సిన ఆరేళ్ళ పిల్లకి అప్పటికి పదకొండేళ్ళు. ఈ మాట దగ్గరికొచ్చేసరికి ప్రతి ఏడూ నా గొంతు పట్టేసేది.

మీరిద్దరూ రిచ్‌మండ్‌లో పుట్టగానే ఈ దేశ పౌరులయ్యారే, అది కూడా ఆ 14వ సవరణలోని మొదటి వాక్యమే. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ 1898లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఆ వాక్యాన్ని నిలబెట్టాడు.

మోటన్ బడి ఇప్పుడు మ్యూజియం. సెలవుల్లో మీరొస్తే ముగ్గురం వెళ్దాం. బార్బరా నిలబడి మాట్లాడిన హాలు చూద్దాం. వచ్చేలోపు 14వ సవరణ మొదటి సెక్షన్ చదివి ఉంచండి. అర్థం కాని మాట కింద పెన్సిల్‌తో గీత గీయండి.

మీ అమ్మమ్మ