మైనస్ 17తో మొదలైన ఏడాది

చిరంజీవులకు ఆశీస్సులు.

ఐపీఎల్‌లో అట్టడుగున నిలిచిన జట్టు కూడా మరుసటి ఏడాది దర్జాగా అదే పోటీలో ఆడుతుంది. ఇటలీ ఫుట్‌బాల్‌లో ఆ వెసులుబాటు లేదు. పై లీగు సెరీ ఎ, దాని కింద సెరీ బి. పైన చివరి మూడు స్థానాల్లో ఉన్న జట్లు కిందికి దిగాల్సిందే. వాటి చోటు కోసం కింద ఏడాది పొడవునా పోరు సాగుతుంది. రెండో మెట్టు కదా అని తేలిగ్గా చూడకండి. 2006-07 సెరీ బి అంత రసవత్తరమైన సీజన్ పై లీగులో కూడా అరుదు.

2006 జులై 9న బెర్లిన్‌లో ఇటలీ ప్రపంచ కప్పు గెలిచింది. అదే నెలలో ఆ దేశంలోని మేటి క్లబ్బు యువెంటస్‌ను కింది లీగుకు దించేశారు. ఆటలో ఓడినందుకు కాదు. రిఫరీలను నియమించేవారితో క్లబ్బు పెద్దలు లోపాయకారీగా మంతనాలు జరిపారని క్రీడా న్యాయస్థానం తేల్చింది. రెండు టైటిళ్లు చేజారాయి. పైగా కొత్త సీజన్‌ను 30 పాయింట్ల లోటుతో మొదలుపెట్టాలని తీర్పు. అప్పీలులో అది 17కు తగ్గింది.

ఆ జట్టు ఆటగాళ్లలో కన్నవారో రియల్ మాడ్రిడ్‌ క్లబ్బుకు, ఇబ్రహిమోవిచ్ ఇంటర్ మిలాన్‌కు వెళ్లిపోయారు. వాళ్లను నేను తప్పుపట్టను, ఆటగాడి ప్రాభవం నాలుగు రోజుల ముచ్చట. కానీ కప్పు గెలిచి వచ్చిన బుఫాన్, డెల్ పియరో, కమొరనేసి కదల్లేదు. 2003లో ఐరోపా ఉత్తమ ఆటగాడైన నెద్వెద్ కూడా ఉండిపోయాడు. ఆ నలుగురంటే నాకు ఎనలేని గౌరవం.

సెప్టెంబర్ 9న తొలి ఆట, సముద్రతీరంలోని రిమిని పట్టణంలో. యువెంటస్ ముందుగా గోలు కొట్టింది, రిమిని సమం చేసింది. 1-1. డ్రాకు ఒక పాయింటు వస్తుంది కాబట్టి ప్రపంచ విజేతలున్న జట్టు ఖాతాలో ఆ రాత్రి ఉన్నది మైనస్ 16! ఆ లీగులో ఆల్బినో, లెఫె అనే రెండు చిన్న ఊళ్ల క్లబ్బులు కలిసిపోయి ఏర్పడిన ఆల్బినోలెఫె జట్టు కూడా ఉంది. అలాంటివాటితో కలిపి 22 జట్లు, ఒక్కొక్కదానికి 42 ఆటలు. అక్టోబర్‌లో లోటును 9కి తగ్గించారు. మే 19న అరెజ్జోలో 5-1తో గెలిచి యువెంటస్ పైకి వెళ్లడం ఖాయం చేసుకుంది. డెల్ పియరో 20 గోల్స్ కొట్టాడు.

అసలు ఉత్కంఠ మాత్రం జూన్ 10న, ఆఖరి రోజున. అప్పటి నిబంధన ఇది: మొదటి రెండు జట్లు నేరుగా పైకి వెళ్తాయి. మూడో జట్టు నాలుగోదాని కంటే కనీసం 10 పాయింట్లు ముందుంటే అదీ నేరుగా వెళ్తుంది, లేదంటే మూడో బెర్తు కోసం ప్లేఆఫ్‌లు ఆడాలి. ఆ రోజు రెండో స్థానంలోని నపోలి, మూడో స్థానంలోని జెనోవా ఒకదానితో ఒకటి తలపడ్డాయి. నపోలి 2004లో దివాళా తీసి మూడో అంచె నుంచి మళ్లీ మొదలైంది. జెనోవా 2005లో సెరీ బి గెలిచి కూడా, ఆటను ముందే కుదుర్చుకుందన్న నేరానికి అదే మూడో అంచెకు వెళ్లింది. ఈ రెండు జట్ల అభిమానులకు అప్పట్లో, 1982 నుంచీ, గాఢమైన స్నేహం ఉండేది.

ఆట 0-0తో ముగిసింది. అయినా సంబరం మొదలుకాలేదు. త్రియెస్తెలో ఆడుతున్న నాలుగో జట్టు పియాచెంజా గెలిస్తే తేడా 8కి పడిపోతుంది. మైదానంలో ఆటగాళ్లూ, స్టాండ్లలో జనమూ ఆ కబురు కోసమే ఎదురుచూశారు. అక్కడ 1-1 అని తెలిశాక రెండు ఊళ్లవాళ్లూ కలిసి పండగ చేసుకున్నారు. జెనోవా 78, పియాచెంజా 68. సరిగ్గా పది! పియాచెంజాకు ప్లేఆఫ్ ఆడే అవకాశం కూడా దక్కలేదు. వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మీకో లెక్క ఇస్తున్నాను. యువెంటస్ 28 ఆటలు గెలిచి, 10 డ్రా చేసుకుని, 4 ఓడింది. గెలుపుకు 3 పాయింట్లు. నపోలికి 79. ఆ లోటు 9కి తగ్గకుండా 17గానే ఉండి ఉంటే, జూన్ 10 రాత్రి ఎవరెవరు పైకి వెళ్లేవారో, ప్లేఆఫ్‌లు జరిగేవో లేదో తేల్చి నాకు రాయండి.

మీ తాతయ్య