లాగగలదు సరే, మోయగలదా? అలాస్కా హైవే ట్రైలర్ల గురించి అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ దాటిందంటే ఫోన్లు మొదలవుతాయి. నేను కెనడాలో ఆర్వీలు (లోపలే వండుకుని, పడుకునే బండ్లు), కారు వెనక తగిలించి లాగే అలాంటి ట్రైలర్లు రిపేరు చేస్తాను. అలాస్కా వెళ్లే మనవాళ్లకి ఎవరో ఒకరు నా నంబర్ ఇస్తారు, వాళ్లు అడిగేది కూడా దాదాపు ఒకటే: "అన్నా, మా బండి టోయింగ్ కెపాసిటీ, అంటే లాగగల బరువు, 7,700 పౌన్లు. ట్రైలర్ 5,000 పౌన్లే. ఇంకా బోలెడు మార్జిన్ ఉంది కదా?"

లేదండీ. గొడవ లాగడంతో కాదు, మోయడంతో.

డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది, మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదు అని. అదే పేలోడ్. మీ బండికి అది 1,350 పౌన్లు అనుకుందాం. ఇప్పుడు ట్రైలర్ సంగతి. బ్రోచర్‌లో 5,000 అని రాసేది ఖాళీ బరువు. 40 గ్యాలన్ల నీళ్లు నింపితేనే 330 పౌన్లు పెరుగుతుంది, ఆపైన గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీలు, గిన్నెలు, కుర్చీలు (ఒకాయన వెట్ గ్రైండర్ కూడా పెట్టుకొచ్చాడు, నా కళ్లతో చూశాను), అన్నీ కలిపి సులువుగా 6,000 అవుతుంది. అందులో 10 నుంచి 15 శాతం మీ బండి వెనక హిచ్ (ట్రైలర్‌ని తగిలించే కొక్కెం) మీద కూర్చుంటుంది, అది టంగ్ వెయిట్. 13 శాతం వేసుకుంటే 780. మీరు, ఆవిడ, ఇద్దరు పిల్లలు కలిపి 560. మొత్తం 1,340. ఇంక మిగిలింది 10 పౌన్లు, హిచ్ సామాను ఒక్కటే దానికి ఎన్నో రెట్లు ఉంటుంది! డిక్కీలో ఒక్క బ్యాగు కూడా పెట్టకుండానే లిమిట్ దాటేశారు, అవతల టోయింగ్ కెపాసిటీ మాత్రం ఇంకా 1,700 మిగిలే ఉంది.

వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ పెట్టిస్తే సరిపోతుందని ఎవరో చెబుతారు. అది బరువుని ముందు చక్రాలకీ ట్రైలర్ చక్రాలకీ సర్దుతుంది, అంతే. స్టిక్కర్ మీద అంకె మారదు.

మామూలు హైవే మీద ఈ తప్పు చాలాకాలం బయటపడదు. ఉత్తరాన బయటపడుతుంది. కెనడా ఉత్తరాన యుకాన్‌లో డిస్ట్రక్షన్ బే దాటాక బీవర్ క్రీక్ వరకు రోడ్డు కింద పెర్మాఫ్రాస్ట్, అంటే ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేల. అది కరుగుతూ, కుంగుతూ, పైన తారుని అలలు అలలుగా చేసేస్తుంది. చూడ్డానికి రోడ్డు బాగానే కనిపిస్తుంది, గంటకి 90 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఒక అల ఎక్కి దిగేసరికి ట్రైలర్ తోక గాల్లోకి లేచి దబ్బున పడుతుంది. బరువు ఎక్కువుంటే స్ప్రింగులు, షాకిల్స్ (స్ప్రింగుని ఫ్రేముకి కలిపే ఇనప ముక్కలు), టైర్లు, వీటిలో ఏదో ఒకటి పోతుంది.

ఇదంతా నీతులు చెప్పడం కాదు, నేనూ చేసిన పనే. మొదటిసారి వెళ్లినప్పుడు క్యాంప్‌గ్రౌండ్‌లో ఎలాగూ దొరికే నీళ్లని ట్యాంకు నిండా పట్టుకుని బయల్దేరాను, మా ఆవిడ వద్దంటున్నా వినలేదు. క్లూయేన్ సరస్సు దాటాక ఒక అల దగ్గర టప్పుమని శబ్దం వచ్చింది. దిగి చూస్తే షాకిల్ విరిగి, ఇరుసు వెనక్కి జరిగి, టైరు ఫ్రేముకి రాసుకుంటోంది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. రెండు గంటలకి ఒక లారీ డ్రైవర్ ఆగి, చెక్క దిమ్మ, బిగించే పట్టీ ఇచ్చి, నీళ్లన్నీ పారబోయించి, నడక వేగంతో వెళ్లమన్నాడు. ట్రైలర్లు బాగుచేసే మనిషినని ఆయనకి చెప్పుకోలేకపోయాను.

టైర్ల దగ్గర ఇంకో మాట. "ట్రెడ్ కొత్తగా ఉంది కదా" అంటారు. ట్రైలర్ టైర్లు అరిగి పోవు, వయసైపోయి పోతాయి. పక్కన నాలుగంకెల తేదీ చూడండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. ఆ టైరుతో ఉత్తరానికి వెళ్లకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఫోర్ వీల్ డ్రైవ్ లేకపోతే వెళ్లలేమన్నది పుకారు: 1942లో అమెరికా సైన్యం వేసినప్పుడు అలాస్కా హైవే మట్టిరోడ్డు, ఇప్పుడు డాసన్ క్రీక్ నుంచి డెల్టా జంక్షన్ దాకా సుమారు 2,200 కిలోమీటర్లూ తారే, రిపేర్లు జరిగే చోట మాత్రం కాస్త కంకర వస్తుంది. ఇంకా ఉత్తరానికి పోయే డెంప్‌స్టర్ (కెనడాలో), డాల్టన్ (అలాస్కాలో) హైవేలు వేరే లెక్క, అవి కంకర రోడ్లు. డాల్టన్ మీద కోల్డ్‌ఫుట్ దాటితే డెడ్‌హార్స్ వరకు 240 మైళ్లు పెట్రోల్ బంకు ఉండదు. అద్దె ఆర్వీ అయితే అక్కడికి తీసుకెళ్లే ముందు అగ్రిమెంట్ చదవండి, కంకర రోడ్లు నిషేధమని చాలావాటిలో రాసి ఉంటుంది. వేసవే కదా అని హీటర్ పాడైనా వదిలేసేవాళ్లు జూన్‌లో కూడా రాత్రిళ్లు వణుకుతారు.

ఇక ఎలుగుబంట్లు. పిల్లలతో వెళ్లేవాళ్ల భయం నాకు అర్థమవుతుంది, నవ్వను. కానీ ఆ భయంతోనే టెంట్ వద్దని మోయలేనంత పెద్ద ట్రైలర్ కొనేస్తున్నారు. ఎలుగుని పిలిచేది టెంట్ గుడ్డ గోడ కాదు, బయట వదిలేసిన తిండి, చెత్త. కెనడాలోని లేక్ లూయిస్ లాంటి చోట టెంట్ల క్యాంప్‌గ్రౌండ్ చుట్టూ కరెంటు కంచె ఉంటుంది. కొన్ని చోట్ల గట్టి గోడల ఆర్వీలకే అనుమతి, బుక్ చేసేటప్పుడే చూసుకోండి.

కాబట్టి ఈసారి నాకు ఫోన్ చేసే ముందు, నచ్చిన ట్రైలర్ ఫోటోలు కాదు, డోర్ స్టిక్కర్ ఫోటో పంపండి.