రెక్క మీది మంచు వదలనప్పుడు

2024 ఆగస్టు 9న బ్రెజిల్‌లోని విన్యేదు పట్టణంలో వోయెపాస్ సంస్థ ఏటీఆర్-72 విమానం గిరగిరా తిరుగుతూ ఇళ్ల మధ్య కూలింది. 62 మంది చనిపోయారు. రెక్కల మంచు వదిలించే వ్యవస్థలో లోపం చూపిస్తోందని పైలట్లు అనుకున్నారనీ, దాన్ని పలుమార్లు ఆపి, మళ్లీ ఆన్ చేశారనీ మరుసటి నెల వచ్చిన ప్రాథమిక నివేదిక చెప్పింది. కారణం ఇదీ అని ఆ నివేదిక తేల్చలేదు. అయినా ఈ చిక్కు కొత్తది కాదు.

1930ల మొదట్లో గుడ్‌రిచ్ కంపెనీ రెక్క ముందంచుకు రబ్బరు తొడుగులు బిగించింది. గాలి నింపితే అవి ఉబ్బి, పైనున్న మంచును పగలగొడతాయి. పెద్ద జెట్‌లు ఇంజిన్ వేడిగాలికి మారినా, ఏటీఆర్-72 లాంటి టర్బోప్రాప్‌లు (ప్రొపెల్లర్లతో ఎగిరేవి) చాలావరకు ఈ తొడుగుల మీదే ఆధారపడ్డాయి.

తొడుగులతోపాటు ఒక నమ్మకమూ పాతుకుపోయింది. మంచు పల్చగా ఉండగానే స్విచ్ వేస్తే, అది ఉబ్బిన తొడుగు మీద గుల్లలా గట్టిపడి ఇక ఊడదని. అందుకే కాస్త మందంగా పేరుకునేదాకా ఆగమని పైలట్లకు నేర్పేవారు. 1997 జనవరిలో అమెరికాలోని మిషిగన్‌లో కూలిన కామెయిర్ సంస్థ టర్బోప్రాప్ ఎంబ్రేయర్-120లో పైలట్లు బహుశా తొడుగుల స్విచ్ వెయ్యనే లేదు. 29 మంది పోయారు. మంచు కనపడగానే వెయ్యాలని తయారీదారు అంతకుముందు ఏడాదే మాన్యువల్‌ను సవరించాడు. ఆ మార్పు పైలట్ల చేతుల్లోకి రాలేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఆ విమానాన్ని అదుపు తప్పేదాకా నడిపింది ఆటోపైలటే. మంచు వల్ల రెక్క ఒక పక్కకు ఒరుగుతుంటే ఆటోపైలట్ చప్పుడు చెయ్యకుండా సరిదిద్దుతూ పోతుంది. ఇక తన వల్ల కానప్పుడు ఒక్కసారిగా వదిలేస్తుంది. పైగా శుభ్రమైన రెక్కకు సరిపోయేలా అమర్చిన స్టాల్ (రెక్క విమానాన్ని ఎత్తిపట్టే శక్తి కోల్పోవడం) హెచ్చరిక, మంచు పట్టిన రెక్క విషయంలో ఆలస్యంగా మోగుతుంది, ఒక్కోసారి మోగనే మోగదు.

1994లో ఇండియానాలోని రోజ్‌లాన్‌లో 68 మందితో కూలిన ఏటీఆర్-72లో తొడుగులు పనిచేస్తూనే ఉన్నాయి. పెద్ద పెద్ద అతిశీతల చినుకులు (సున్నా డిగ్రీల కన్నా చల్లబడినా ఇంకా నీరుగానే ఉన్నవి) తొడుగులు దాటి వెనక్కి జారి అక్కడ గడ్డకట్టాయి. 1996లో అమెరికా ఆదేశాలు వచ్చాయి: తీవ్రమైన మంచు గుర్తులు కనిపిస్తే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కు చెప్పి ఆ మేఘంలోంచి వెంటనే బయటపడాలి, కంట్రోల్ వీల్‌ను గట్టిగా పట్టుకుని ఆటోపైలట్ తీసెయ్యాలి. అలాంటి చినుకులను కొత్త విమానాల ధ్రువీకరణ నిబంధనల్లో చేర్చడానికి మాత్రం 2014 దాకా పట్టింది. ఇరవై ఏళ్లు!

తొడుగుల వ్యవస్థలో లోపం చూపిస్తే చెయ్యాల్సిందీ ఇదే: వేగం పడిపోకుండా చూసుకుంటూ మంచు లేని చోటికి పోవడం. విన్యేదు విమానం స్టాల్ అయ్యేదాకా 17,000 అడుగుల దగ్గరే ఉంది.