||= గురించి అపోహలు, వాస్తవాలు

||= అనేది జావాస్క్రిప్ట్, రూబీ లాంటి ప్రోగ్రామింగ్ భాషల్లో వాడే గుర్తు. ఎడమవైపు విలువ అబద్ధమైతే కుడివైపు విలువను దాని స్థానంలో పెడుతుంది.

అపోహ: ||= అంటే “ఖాళీగా ఉంటే నింపు” అని.

వాస్తవం: ఖాళీయా కాదా అన్నది అది చూడదు. ఎడమవైపు విలువ ఆ భాష లెక్కలో అబద్ధమా కాదా అన్నదొక్కటే చూస్తుంది. జావాస్క్రిప్ట్‌లో 0, ఖాళీ స్ట్రింగ్ (ఒక్క అక్షరమూ లేని పాఠం), నాన్ (అంకె కానిది), నల్ (విలువ లేదని చెప్పేది), అన్‌డిఫైన్డ్ (ఇంకా విలువ ఇవ్వనిది), ఫాల్స్ అన్నీ అబద్ధం కిందికే వస్తాయి.

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలకు మేత లెక్క కట్టే యాప్ ఒకటి రాస్తున్నారనుకోండి. చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూడ్డానికి గుంటలో దించే పళ్లెంలో) మిగులు 0 గ్రాములంటే రొయ్యలు మొత్తం తినేశాయి, తర్వాతి పూట మేత పెంచొచ్చు. నల్ అంటే ట్రే ఇంకా ఎత్తి చూడలేదు. “మిగులు ||= 50” అని రాశారో, రెండూ 50 అయి కూర్చుంటాయి. ఆకలిగా ఉన్న గుంటకు యాప్ మేత తగ్గించమంటుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో జాడ ఉండదు. ఇక్కడ వాడాల్సింది ??=. అది నల్, అన్‌డిఫైన్డ్ రెంటికే స్పందిస్తుంది, 0 జోలికి పోదు. అసలు ఎత్తి చూడని ట్రేకి ఏ అంకే వేయకపోవడం ఇంకా మేలు.

అపోహ: ??= పెడితే ఇక దిగుల్లేదు.

వాస్తవం: ఫారంలో ఖాళీగా వదిలిన గడిని, పాఠాన్ని అంకెగా మార్చే నంబర్ ఫంక్షన్‌కి ఇస్తే 0 వస్తుంది, అక్షరాలు ఇస్తే నాన్ వస్తుంది. రెంటినీ ??= వదిలేస్తుంది. కాబట్టి నంబర్‌గా మార్చకముందే గడి ఖాళీగా ఉందేమో చూడాలి, మార్చాక నాన్ అయిందేమో చూడాలి.

అపోహ: “క ||= చ” అన్నా “క = క || చ” అన్నా ఒకటే.

వాస్తవం: మొదటి దాంట్లో క నిజమైతే అసైన్‌మెంటే జరగదు, సెట్టర్ (విలువ పెట్టేటప్పుడు నడిచే ఫంక్షన్) పిలవబడదు. జావాస్క్రిప్ట్‌లో కాన్స్ట్‌గా (మళ్లీ విలువ పెట్టడానికి వీల్లేకుండా) ప్రకటించిన క విలువ 1 అయితే, మొదటిది చప్పుడు లేకుండా దాటిపోతుంది, రెండోది టైప్ ఎర్రర్ ఇస్తుంది. క 0 అయిన రోజు మొదటిది కూడా పడిపోతుంది, టెస్టుల్లో ఆ 0 తప్పక పెట్టండి.

అపోహ: రూబీలోనూ ఇదే తీరు.

వాస్తవం: రూబీలో నిల్ (అక్కడి నల్ లాంటిది), ఫాల్స్ మాత్రమే అబద్ధం, 0 నిజమే. అందుకే డిఫాల్ట్ 0 పెట్టిన హ్యాష్‌లో (కీ, విలువ జతల పట్టికలో) లేని కీ మీద ||= 5 రాస్తే 5 చేరదు, కీ కూడా పుట్టదు. ఒకసారి లెక్కించి దాచుకోడానికి ||= వాడేవాళ్లు, ఫలితం ఫాల్స్ లేదా నిల్ అయితే ప్రతిసారీ లెక్క మళ్లీ నడుస్తుందని గమనించాలి. అలాంటిచోట ముందు డిఫైన్డ్? తో ఫలితం దాచుకున్న ఇన్‌స్టాన్స్ వేరియబుల్ (ఆబ్జెక్ట్ తనలో ఉంచుకునే వేరియబుల్) ఉందో లేదో చూసి, లేకపోతేనే లెక్క నడపాలి.