పేరు లేని నేరస్థుడు: సిలువపై రెండవ మాట వెనుక చరిత్ర

శుభ శుక్రవారం మధ్యాహ్నం తెలుగు సంఘాలలో యేసు సిలువపై పలికిన ఏడు మాటలను ధ్యానిస్తున్నప్పుడు, తన పక్కన సిలువపై ఉన్న నేరస్థుడికి ఆయన పరదైసును, అంటే స్వర్గవాసాన్ని, మాటిచ్చిన రెండవ మాటకు వచ్చేసరికి ఒక ప్రశ్న తప్పక లేస్తుంది. బ్రతుకంతా నేరంలో గడిపినవాడికి, ఊపిరి ఆగిపోయే ముందు ఒక్క మనవి చేసుకున్నంత మాత్రాన అదే రోజు పరదైసు ఎలా దక్కింది? మూడవ శతాబ్దం నుంచీ సంఘ పెద్దలు ఈ మనిషిని తమ తమ వాదాలకు సాక్షిగా నిలబెడుతూనే ఉన్నారు. సువార్త అతని గురించి చెప్పింది అతి తక్కువ కావడమే అందుకు వీలు కల్పించింది.

యేసుతోపాటు మరి ఇద్దరిని సిలువ వేశారని నాలుగు సువార్తలూ చెబుతాయి. మత్తయి, మార్కు వారిని బందిపోటు దొంగలన్నారు. ఇద్దరూ ఆయనను నిందించారని రాశారు. యోహాను వారి కాళ్లు విరగగొట్టిన సంగతి చెప్పాడే తప్ప వారి మాటలను ప్రస్తావించలేదు. ఒకడు మనసు మార్చుకున్న విషయం లూకా 23వ అధ్యాయంలో మాత్రమే ఉంది, అక్కడ వారు కేవలం ‘నేరస్థులు’. మత్తయి, మార్కు వాడిన గ్రీకు మాటనే చరిత్రకారుడు జోసీఫస్ సాయుధ తిరుగుబాటుదారులకు వాడాడు, యేసుకు బదులు విడుదలైన ఖైదీ బరబ్బకు యోహాను వాడాడు. రోమా పాలకులు చిల్లర దొంగతనానికి సిలువ వేసేవారు కాదు కనుక, వీరు దోపిడీలతోనో తిరుగుబాటుతోనో సంబంధం ఉన్నవారై ఉండవచ్చునని పలువురు పండితులు భావిస్తారు. మనం అలవాటుగా ‘కుడివైపు దొంగ’ అంటాం గాని, మారిన వాడు ఏ వైపున ఉన్నాడో లూకా చెప్పలేదు.

ఇద్దరూ నిందించారన్న మాటకూ లూకా కథనానికీ పొత్తు కుదర్చడానికి ప్రాచీన వ్యాఖ్యాతలు రెండు దారులు వెతికారు. మొదట ఇద్దరూ నిందించారని, తరువాత ఒకడు మారాడని కొందరన్నారు. ఒక్కడి పనినే మత్తయి, మార్కు బహువచనంలో చెప్పారని వేదాంతి అగస్టీన్ అన్నాడు. మొదటి వివరణే నాకు సహజంగా తోస్తుంది.

అతని మాటలను నిదానంగా చదవాలి. ‘మనకైతే యిది న్యాయమే’ అని తన శిక్షను ఒప్పుకున్నాడు. యేసు ఏ తప్పిదమూ చేయలేదని సాక్ష్యమిచ్చాడు. ఆ తరువాత, ‘నీవు నీ రాజ్యములోనికి వచ్చునప్పుడు నన్ను జ్ఞాపకము చేసికొనుము’ అని మాత్రమే అడిగాడు. సిలువ దింపమని గాని, నేరం మాపమని గాని అడగలేదు. పశ్చాత్తాపం అన్న మాటే అతని నోట రాలేదు. తన పక్కనే రక్తమోడుతున్న మనిషికి ఒక రాజ్యం ఉందని నమ్మడమే అతని పశ్చాత్తాపానికి రూపం.

ఇంత తక్కువ వివరం తరువాతి తరాలకు చాలలేదు. నాలుగు, అయిదు శతాబ్దాల నాటికి రూపుదిద్దుకున్న, బైబిలులో చేరని నికోదేము సువార్త అతనికి దిస్మాస్ అని, రెండవవాడికి గెస్తాస్ అని పేర్లు పెట్టింది. బైబిలులో చేరని మరో రచన అరబ్బీ బాల్య సువార్తలో అతని పేరు తీతు. పసిబిడ్డ యేసుతో ఐగుప్తుకు వెళుతున్న మరియ, యోసేపులను ఎడారిలో దోచుకోకుండా ఉండేందుకు తన తోటి దొంగకు నలభై ద్రక్మాలు ఇస్తానన్నాడని ఆ కథ. వినసొంపుగా ఉన్నా, లూకా చెప్పినదానికి ఇది ఎదురు నడుస్తుందని నా అభిప్రాయం. ముందెన్నడో చేసిన మేలుకు ప్రతిఫలంగా పరదైసు దొరికిందంటే, ఏమీ చెల్లించలేనివాడికి దక్కిన కృప కాస్తా తీరిన బాకీ అవుతుంది.

అసలు వాదం బాప్తిస్మం దగ్గర ముదిరింది. బాప్తిస్మం లేనిదే రక్షణ లేదంటే ఈ దొంగ సంగతేమిటి? 256లో కార్తేజు బిషప్పు సిప్రియన్ అతడు తన రక్తంలోనే బాప్తిస్మం పొందాడన్నాడు. అతడు శిక్ష పొందింది క్రీస్తు నామం కోసం కాదని, తన నేరాలకేనని, కనుక విశ్వాసమే బాప్తిస్మపు లోటు తీర్చిందని సుమారు 400 ప్రాంతంలో అగస్టీన్ బదులిచ్చాడు. కాని అదే అగస్టీన్ తరువాత తన మాటను తానే సందేహించాడు. యేసు ప్రక్కనుంచి కారిన నీరు అతనిమీద పడి ఉండవచ్చునన్న ఊహను ప్రస్తావించాడు. 427 నాటికి ముగించిన తన పునఃపరిశీలనలో, అతడు బాప్తిస్మం పొందలేదని చెప్పడానికి ఆధారం లేదు కనుక ఆ ఉదాహరణే సరిపడదని రాసుకున్నాడు. అంతటి వేదాంతి బహిరంగంగా వెనక్కి తగ్గాడంటే ప్రశ్న ఎంత చిక్కుదో తెలుస్తుంది. ఇది పుస్తకాల్లోని ప్రశ్న మాత్రమే కాదు, అప్పట్లో బాప్తిస్మాన్ని మరణశయ్య దాకా వాయిదా వేసుకోవడం మామూలే. 337లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి చేసింది అదే. సంస్కరణ కాలంలో ప్రొటెస్టంట్లు క్రియలు లేని విశ్వాసానికి ఇతనినే రుజువుగా చూపారు.

‘నేడు’ అన్న మాటపై మరో వివాదం ఉంది. తొలి గ్రీకు ప్రతులలో విరామ చిహ్నాలు దాదాపు ఉండవు కనుక, ‘నేడు నీతో చెప్పుచున్నాను’ అని చదవాలని సెవెంత్‌డే అడ్వెంటిస్టులు, యెహోవాసాక్షులు అంటారు. అలా చదివితే పరదైసు ఆ రోజే దక్కిందన్న అర్థం ఉండదు. ‘నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువని’ అన్న మన తెలుగు బైబిలు అనువాదంలో ఆ సందిగ్ధానికి చోటు లేదు.

ఆరాధన మాత్రం ఈ వాదాలు తేలేదాకా ఆగలేదు. ఆర్థడాక్స్ విశ్వాసులు ప్రభురాత్రి భోజనానికి ముందు, ముద్దుపెట్టి యేసును పట్టించిన యూదావలె ముద్దుపెట్టనని, దొంగవలె నిన్ను ఒప్పుకొంటానని ప్రార్థిస్తారు. రోమను కతోలిక పునీతుల పట్టికలో అతని రోజు మార్చి 25. యేసు మరణించింది ఆ తేదీనేనని ఒక పాత సంప్రదాయం. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం డానెమొరా జైలు ఆవరణలో 1939–41 మధ్య ఖైదీల శ్రమతో ఒక చర్చి లేచింది. దానికి పెట్టిన పేరు పునీత దిస్మాస్, మంచి దొంగ.