గెట్ ఇవ్వని భర్త, విడుదల లేని భార్య: యూదు ధర్మశాస్త్రంలో ఒక పాత చిక్కు

ఇజ్రాయెల్ 1953లో చేసిన చట్టం యూదుల పెళ్లి, విడాకుల వ్యవహారాలను రబ్బీల (యూదు మతగురువుల) న్యాయస్థానాలకు అప్పగించింది. భర్త తన ఇష్టంతో ‘గెట్’ అనే విడాకుల పత్రం రాయించి భార్య చేతికి ఇవ్వాలి. ఇవ్వనంత కాలం, న్యాయస్థానం ఆమె పక్షాన తీర్పు చెప్పినా ఆమె వివాహితే. ఇలా చిక్కుకున్న స్త్రీని ‘అగునా’ అంటారు. ఆమె మరొక యూదుడితో బిడ్డను కంటే ఆ బిడ్డపై ‘మమ్జేర్’ ముద్ర పడుతుంది, పెద్దయ్యాక సాధారణ యూదు కుటుంబాల్లో పెళ్లి చేసుకునే హక్కు ఉండదు. భర్త ఒక అవివాహితతో బిడ్డను కంటే ఏ ముద్రా లేదు.

దీనికి మూలం బైబిల్లోని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం. పరిత్యాగపత్రం రాసి ఇచ్చేవాడు భర్తే అని అక్కడుంది. కాబట్టి అతని సమ్మతి లేని పత్రం చెల్లదని తర్వాతి పండితులు తీర్మానించారు. క్రీ.శ. 1000 ప్రాంతంలో మైంజ్ నగరపు రబ్బేను గెర్షోం పేరిట వచ్చిన కట్టుబాటు, భార్య ఒప్పుకోకుండా విడాకులివ్వడాన్ని నిషేధించింది. అది స్త్రీకి నిజమైన రక్షణే. అయితే భార్య మొండికేస్తే, వందమంది రబ్బీల అనుమతితో భర్తకు మరో పెళ్లికి దారి దొరికింది. భార్యకు అటువంటి దారి ఏర్పడలేదు.

ఈ శాస్త్రానికి దయ తెలియదని ఎవరూ అనలేరు. భర్త జాడ తెలియని స్త్రీ విషయంలో, ప్రాచీన రబ్బీల ధర్మశాస్త్ర చర్చల గ్రంథమైన తాల్ముద్ ఇద్దరు సాక్షుల నియమాన్ని సడలించి, ఒక్కరి మాటనే ఒప్పుకుంది. 1968లో ఇజ్రాయెల్ జలాంతర్గామి డకార్ 69 మందితో మునిగిపోయి మృతదేహాలు దొరకనప్పుడు, రబ్బీ ష్లోమో గోరెన్ వారి భార్యల పునర్వివాహానికి మార్గం చూపారు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత న్యూయార్క్ రబ్బీలు డీఎన్ఏ ఆధారాలనూ పరిశీలించారు.

భర్త బతికి ఉంటేనే చేతులు కట్టుబడుతున్నాయి. గెట్ ఇవ్వవలసిన వాడిని ‘ఒప్పుకుంటున్నాను’ అనేదాకా ఒత్తిడి చేయవచ్చని తాల్ముద్‌కు మూలమైన మిష్నా చెప్పింది. ధర్మాన్ని పాటించాలన్నదే యూదుడి అసలు కోరిక, ఒత్తిడి కేవలం దుర్బుద్ధిని తొలగిస్తుందని 12వ శతాబ్దంలో ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడీస్ వివరించాడు. అదే కాలంలో ఫ్రాన్స్‌కు చెందిన రబ్బేను తామ్ మాత్రం బలవంతపు గెట్ చెల్లదేమోనన్న భయంతో ఆ అధికారాన్ని బాగా కుదించి, సాంఘిక వెలిని అనుమతించాడు. తర్వాతివారు ఎక్కువగా ఆ భయాన్నే అనుసరించారు. పుట్టబోయే పిల్లల మేలు కోరిన జాగ్రత్తే అది, కానీ దాని బరువంతా ఆ స్త్రీయే మోస్తోంది.

యూదు సంఘాలు స్వపరిపాలన కోల్పోయాక పాత ఒత్తిడి కూడా సడలింది. అప్పుడు రాజ్యం జోక్యం చేసుకుంది. న్యూయార్క్ 1983లో, ఇజ్రాయెల్ 1995లో చట్టాలు తెచ్చాయి. ఇజ్రాయెల్ చట్టం కింద డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతాలపై ఆంక్షలు పెట్టవచ్చు, జైలుకూ పంపవచ్చు. జైలు కొందరిని కదిలించదు. అంతకుముందే ఒకాయన 32 ఏళ్లు జైల్లో గడిపి అక్కడే మరణించాడు, గెట్ మాత్రం ఇవ్వలేదు.

1990ల నుంచి అమెరికాలో పెళ్లికి ముందే ఒప్పందం రాయించుకునే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. దంపతులు విడిపోయాక గెట్ అందేదాకా భర్త రోజువారీ భరణం చెల్లించాలి. ఇది బాగా పనిచేస్తోంది, అయితే సంతకం చేయకుండా పెళ్లాడినవారికి ఉపయోగపడదు. వారికి మిగిలింది వివాహ రద్దు. ప్రతి వివాహమూ పండితుల సమ్మతికి లోబడే జరుగుతుందని, వారు దాన్ని రద్దు చేయగలరని తాల్ముదే చెబుతోంది. ఆధారం గ్రంథంలోనే ఉండగా దాన్ని పక్కనపెట్టడం నాకు సమంజసంగా తోచదు. 1990లలో రబ్బీ ఇమాన్యుయెల్ రాక్‌మన్ న్యూయార్క్‌లో ఒక న్యాయస్థానం నెలకొల్పి ఎందరో అగునాల వివాహాలను రద్దు చేశారు. సంప్రదాయ నిష్ఠగల ఆర్థడాక్స్ రబ్బీల్లో అత్యధికులు ఆ తీర్పులను గుర్తించలేదు.