ఇంజన్ హెడ్‌లో (సిలిండర్ మీద కూర్చునే మూత) వాల్వ్‌లు బిగించే పని మీద నేను తరచూ వినే అపోహలు

అపోహ: గ్రైండింగ్ పేస్ట్ (అరగదీసే గరుకు ముద్ద) పెట్టి ఎంత ఎక్కువ రుద్దితే వాల్వ్ అంత బాగా కూర్చుంటుంది.

అబ్బే, అస్సలు కాదు. ఆ రుద్దుడు పైపైన సరిచేయడానికీ, వాల్వ్ సీటు మీద (హెడ్‌లో అది ఆని మూసుకునే అంచు) ఎక్కడ ఆనుతుందో చూసుకోడానికీ అంతే. వాల్వ్ ముఖం మీద బూడిదరంగు గీత చుట్టూ ఎక్కడా తెగకుండా వచ్చిందా, ఇక ఆపెయ్యాలి. ఇంకా రుద్దారంటే గీత వెడల్పై స్ప్రింగ్ బలం అంత మేరా పరుచుకుని ఒత్తిడి తగ్గుతుంది, పైగా ముఖం మీద గాడి కూడా పడుతుంది. సీటు నిజంగా పాడైతే మెషిన్ మీద కట్ చేయించాల్సిందే, పేస్ట్‌తో లాగిద్దాం అనుకోకండి. రుద్దడం అయ్యాక పేస్ట్ ఆనవాలు కూడా లేకుండా కడగండి, గైడ్‌లోకి (వాల్వ్ కాడ ఆడే గొట్టం) కొంచెం పోయినా అది అరగదీస్తూనే ఉంటుంది.

అపోహ: నీలం పొగ వస్తే పిస్టన్ రింగులు పోయినట్టే.

వాల్వ్ సీల్స్ (కాడ వెంట నూనె కిందికి దిగకుండా ఆపేవి) కూడా అయ్యుండొచ్చు. రాత్రంతా ఆపిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఓ గుప్పెడు పొగ వదిలి మానేస్తే నా అనుమానం ముందు సీల్స్ మీదకే పోతుంది. కొత్త సీల్స్ వేసినా మళ్ళీ పొగే అని వచ్చేవాళ్ళుంటారు, చాలాసార్లు వేసే పద్ధతిలోనే తేడా. వాల్వ్ కాడ చివర లాక్‌లు (స్ప్రింగ్‌ని కాడకి పట్టి ఉంచే చిన్న ముక్కలు) కూర్చునే గాడి ఉంటుంది కదా, దాని అంచు కత్తిలా ఉంటుంది, వాల్వ్ ముందే పెట్టి సీల్‌ని పైనుంచి తొడిగేటప్పుడు ఆ అంచు తగిలి లోపలి పెదవి తెగుతుంది, అది కంటికి కూడా కనబడదు. అందుకే కాడకి నూనె రాసి, చివర పల్చటి ప్లాస్టిక్ తొడుగు పెట్టి, దాని మీదుగా మెల్లగా దించాలి. స్ప్రింగ్ కింద వాషర్ ఉంటే అది సీల్ కన్నా ముందే వెయ్యాలి, మర్చిపోతే మళ్ళీ అన్నీ ఊడదీసుకోవడమే. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ సీల్స్ కొన్ని ఇంజన్లలో వేరు, చూసి వెయ్యండి.

అపోహ: టాపెట్ (వాల్వ్‌ని నొక్కే భాగం) చప్పుడు లేదంటే దానికీ వాల్వ్ కాడకీ మధ్య గ్యాప్ పర్ఫెక్ట్.

చప్పుడు వస్తే కనీసం తెలుస్తుంది. గ్యాప్ బిగుతైతే నిశ్శబ్దంగానే ఉంటుంది, కానీ వేడెక్కి కాడ సాగాక వాల్వ్ పూర్తిగా మూసుకోదు. వాల్వ్ వేడి ఎక్కువగా సీటు ద్వారానే హెడ్‌లోకి దిగాలి, ఆనకపోతే ఎక్కడికి పోతుంది చెప్పండి? ముందు ఎగ్జాస్ట్ వాల్వే కాలిపోతుంది. నూనె ఒత్తిడితో గ్యాప్‌ని వాటంతటవే సర్దుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లున్న వాటికి ఈ గ్యాప్ గోల ఉండదనుకోండి.

అపోహ: గట్టి స్ప్రింగ్ వేస్తే పవర్ పెరుగుతుంది.

మామూలు బండికి కామ్ (వాల్వ్‌లని తెరిచే షాఫ్ట్) అరుగుదల పెరుగుతుంది, అంతే.

అపోహ: లాక్‌లు గాడిలో పడ్డాయంటే పని అయిపోయినట్టే.

స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్‌ని నొక్కి పట్టే పనిముట్టు) వదిలాక కాడ మీద ప్లాస్టిక్ సుత్తితో చిన్న దెబ్బ వెయ్యండి, సగం కూర్చున్న లాక్ ఉంటే అక్కడే బయటపడుతుంది, కళ్ళద్దాలు పెట్టుకునే చేయండి. ఆ లాక్ రన్నింగ్‌లో ఎగిరితే వాల్వ్ సిలిండర్‌లోకే జారుతుంది, తర్వాత పిస్టన్‌తో సహా ఖర్చే. చివర్లో హెడ్ తిరగేసి, స్పార్క్ ప్లగ్‌లు బిగించి, ఛాంబర్‌లో కిరోసిన్ పోసి కాసేపు వదిలెయ్యండి, దగ్గర్లో మంట ఏదీ లేకుండా చూసుకుని. పోర్టుల్లో (గాలి, పొగ పోయే దారులు) తడి కనిపిస్తే ఆ వాల్వ్ మళ్ళీ విప్పండి.